కత్తిపీట ముందు వచ్చే మాట నలుగురిలో ఎందుకు రాదు?

ప్రశ్న: నా వయసు 32. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక తొమ్మిదేళ్లుగా విజయనగరంలో ఉంటున్నాం. ఎమ్మెస్సీ చదివాను. ఒకరిద్దరితో బాగానే మాట్లాడతాను. ఐదారుగురు చేరారంటే మాత్రం గొంతు ఎండిపోతుంది, చేతులు చల్లబడతాయి. చెప్పాలనుకున్న మాటను మనసులో నాలుగుసార్లు సరిచూసుకునేలోపు వాళ్లు వేరే విషయంలోకి వెళ్లిపోతారు. విశాఖలో పీజీ చేసేటప్పుడు సెమినార్‌లో 'అదేమిటంటే' అనకుండా మా ఊరి యాసలో 'అదేటంటే' అన్నానని క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది. రెండేళ్ల క్రితం ఒక స్కూల్లో టీచర్ ఉద్యోగానికి డెమో క్లాసుకు పిలిస్తే జ్వరమని చెప్పి వెళ్లలేదు. ఎవరైనా నన్ను ఏదైనా అడిగితే మావారే 'మా ఆవిడ మాట్లాడదండీ' అనేస్తారు. వచ్చే నెల మా అపార్ట్‌మెంట్ వాళ్లు కార్తీక వనభోజనాలకు తాటిపూడి జలాశయం దగ్గరికి వెళుతున్నారు. అక్కడ అందరూ లేచి తమ గురించి చెప్పాలట. అప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. మానేద్దామనుకుంటే, మూడో తరగతి చదువుతున్న మా పాప కూడా నాలాగే అవుతుందేమోనని భయం. ఒక స్నేహితురాలు గుండె దడ తగ్గే మాత్ర వేసుకోమంది. 18 వేలు కట్టి పర్సనాలిటీ కోర్సులో చేరమని మా ఆడపడుచు అంటోంది. విచిత్రం ఏమిటంటే, మొన్న తమ్ముడి పెళ్లికి ముందురోజు రాత్రి ఊళ్లో పదిహేను మంది ఆడవాళ్లం కూర్చుని కూరలు తరిగాం. తెల్లవార్లూ నేనే మాట్లాడానని మా అమ్మ అంది. నాకేమైంది?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ చివరి మాటలే. మీరు దాన్ని విచిత్రం అన్నారు. నాకు మాత్రం మీ సమస్యకు దారి అక్కడే కనిపించింది. పదిహేను మంది మధ్య రాత్రంతా మాట్లాడిన మనిషికి మాట రాదని ఎలా అనుకోను?

ఆ రాత్రిని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మీ ముందు కత్తిపీట, పక్కన గుమ్మడికాయలు, వంకాయల గుట్ట. చూపంతా కత్తిపీట మీదే, చేతులు ఆగవు. మీరు ఒక మాట అంటే ఒకరు నవ్వుతారు, ఇంకొకరు అందుకుంటారు, మధ్యలో ఎవరో 'ఆ ముక్కలు పెద్దవైపోతున్నాయే' అంటారు. మీ వంతు అంటూ ఏదీ లేదు. అందరూ మీ ముఖంలోకే చూస్తున్న క్షణం ఒక్కటీ లేదు. మాట తప్పినా ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే పొద్దున్నకి కూరలు తెమలాలి. పైగా 'అదేటంటే' అని మీరొక్కరే కాదు, పదిహేను మందీ అంటున్నారు.

ఇప్పుడు తాటిపూడిని ఊహించుకోండి. గుండ్రంగా కూర్చున్నారు, చేతులు ఖాళీ, వరుసగా మీ వంతు వస్తోంది. అవతలి ఆవిడ చెబుతున్నది మీకు వినపడదు, ఇంకా ముగ్గురు, ఇంకా ఇద్దరు అన్న లెక్కే వినపడుతుంది. అసలు బాధంతా ఆ ఎదురుచూపులోనే ఉంది. ఏదో ప్రమాదం వచ్చిందని ఒళ్లు అనుకుంటుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండుతుంది, రక్తం పెద్ద కండరాల వైపు మళ్లి వేళ్లు చల్లబడతాయి. కుక్క వెంటబడితే పరిగెత్తడానికి పనికొచ్చే ఏర్పాటే ఇది. జబ్బూ కాదు, తెలివితక్కువతనమూ కాదు.

ఈ దడ ఎప్పటికీ పెరుగుతూ పోదు. ఒక దశకు చేరి, మీరు అక్కడే ఉంటే దానంతటదే దిగిపోతుంది. కానీ మీరెప్పుడూ అది దిగేదాకా ఉండలేదు. డెమో క్లాసు రోజు జ్వరం అన్నారు. నలుగురు కూర్చుంటే వంటింట్లో పని ఉందని లేచి వెళుతూ ఉంటారని నా అనుమానం. లేచిన వెంటనే ప్రాణం హాయిగా ఉంటుంది, నిజమే. కానీ ఆ హాయిలోనే 'తప్పించుకున్నాను కాబట్టి బతికాను' అన్న పాఠం మనసులో ఇంకోసారి గట్టిపడుతుంది. తర్వాతిసారి భయం ఇంకాస్త ముందుగానే వస్తుంది. ఇప్పుడు నెల ముందే వచ్చి నిద్ర చెడగొడుతోంది కదా.

ఆ నవ్వు సంగతి. తల్లీ, ఆ రోజు నవ్విన వాళ్లది తప్పు. మీరు మాట్లాడినది తప్పు కాదు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు పుట్టింది మీ శ్రీకాకుళం జిల్లాలోనే, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో. ఆయన పుట్టిన ఆగస్టు 29ని మనమంతా తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మనుషులు నోటితో మాట్లాడే మాటకు గౌరవం ఉండాలని ఆయన అడిగిన నేల మీద పుట్టి, 'ఏటి' అన్నందుకు మీరు పదేళ్లుగా నోరు కట్టుకుని కూర్చోవడం నాకు చాలా బాధగా ఉంది.

ఇది ఓదార్పు కోసం చెప్పడం లేదు, మీ ఇబ్బందికి దీంతో నేరుగా సంబంధం ఉంది. నలుగురిలో ఉన్నప్పుడు మీరు ఒకేసారి రెండు పనులు చేస్తున్నారు. ఏం చెప్పాలో ఆలోచిస్తున్నారు, అందులో మీ ఊరి మాట ఎక్కడ దొర్లుతుందోనని కాపలా కాస్తున్నారు. నాలుగుసార్లు సరిచూసుకోవడం అంటే అదే. ఆ కాపలా తీసేయండి. ఏటి అనాలనిపిస్తే ఏటి అనండి. విజయనగరంలో మీ మాట అర్థం కాని వాళ్లెవరు? అక్కడ సగం ఇళ్లలో వినిపించేది అదే యాస.

ఇంకో సంగతి కూడా తెలియాలి. మన తడబాటు అందరికీ కనపడిపోతోందని మనం అనుకుంటాం. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో దీన్ని పరీక్షించి 2000లో ప్రచురించారు. సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు వేయించి ఒక్కో విద్యార్థిని నలుగురు కూర్చున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని టీషర్టు వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది నాలుగో వంతు మందే. తాటిపూడిలో కూడా మీ పక్కావిడ ధ్యాస తన వంతు మీదో, పులిహోర గిన్నె మీదో, నీళ్ల దగ్గరికి పరిగెడుతున్న పిల్లాడి మీదో ఉంటుంది.

ఇక చేయాల్సిన పని. వనభోజనాలకు వెళ్లండి. కానీ మీ సాధన అక్కడ మొదలుపెట్టకండి, ఇవాళే మొదలుపెట్టండి. సాయంత్రం పాప స్కూలు వ్యాన్ కోసం గేటు దగ్గర నలుగురైదుగురు తల్లులు నిలబడతారు కదా. ఆ పది నిమిషాలు మీకు దొరికిన మంచి బడి. ఫోను ఇంట్లో పెట్టి వెళ్లండి, ఎందుకంటే అది మీ దాగుడుమూతల చోటు. వెళ్లగానే, మొదటి నిమిషంలోనే ఒక మాట అనేయండి. ఎంత చిన్నదైనా ఫర్వాలేదు, 'ఇవాళ నీళ్లు లేటుగా వచ్చాయి కదండీ' అన్నా సరిపోతుంది. మొదట్లో నోరు తెరిచిన వాళ్లకు రెండో మాట తేలిక. పావుగంట మౌనంగా ఉంటే మాత్రం, ఇప్పుడు మాట్లాడితే అందరూ ఇటు తిరుగుతారేమో అన్న బరువు పెరిగిపోతుంది. ఏం చెప్పాలో తోచకపోతే అడగండి. ఎదుటివాళ్లు చెప్పినదాంట్లోంచే ఒక ప్రశ్న తీసి అడిగితే, కాసేపు మాట వాళ్లది, వినే తీరిక మీది.

ఒక వారం ఇలా గడిచాక, ఇద్దరు ముగ్గురిని ఇంటికి పిలవండి. ఊరికే టీకి వద్దు, చేతికి పని ఉండాలి. ఊరి నుంచి అమ్మను నాలుగు కట్టలు తేగలు పంపమనండి. ఉడికించిన తేగలు పళ్లెంలో పోసి మధ్యలో పెడితే, ఒకరు పీచు లాగుతూ, ఒకరు చందమామ తీస్తూ గంటసేపు కూర్చుంటారు. ఎవరూ ఎవరి ముఖంలోకీ గుచ్చి చూడరు. అదే మీ కత్తిపీట. తర్వాతిసారి నలుగురిని, ఆ తర్వాత ఐదుగురిని పిలవండి. దడ వస్తే రానివ్వండి. వంటింట్లోకి వెళ్లాలనిపించినప్పుడు ఇంకో ఐదు నిమిషాలు కూర్చోండి.

వనభోజనాల రోజు ముందుగా చేరుకోండి. వచ్చేసరికి ముప్పై మంది ఉండటం కంటే, మీ కళ్ల ముందు ఇద్దరు ముగ్గురుగా పోగవడం ఎంతో నయం. వడ్డన అందుకోండి. పప్పు గరిటె పట్టుకున్న మనిషి పంక్తిలో ప్రతి ఒక్కరితోనూ ఒక మాట మాట్లాడి తీరాలి. 'ఇంకొంచెం వెయ్యమంటారా, పనసపొట్టు కూర రుచి చూశారా' అంటూ పంక్తి చివరికి వచ్చేసరికి, మీకు తెలియకుండానే అందరితోనూ మాట్లాడేసి ఉంటారు. కానీ గరిటె చాటున దాక్కోవద్దు. రెండో పంక్తిలో అందరితో కూర్చుని తినండి, గిన్నెలు సర్దుతానని పక్కకు పోకండి.

పరిచయాల దగ్గర చివర్లో కూర్చోవద్దు. నిర్వహించే ఆవిడకు ముందే చెప్పి రెండో వంతో మూడో వంతో అడగండి, ఆ ఎదురుచూపు తప్పుతుంది. పేరు, ఊరు, మీకు ఇష్టమైన సంగతి ఒకటి, అంతే. బట్టీ పట్టకండి. బట్టీ పట్టినదాంట్లో ఒక ముక్క జారితే మొత్తం జారిపోతుంది. గేటు దగ్గర పరిచయమైన ఒక ముఖాన్ని చూస్తూ చెప్పండి. గొంతు వణికితే వణకనివ్వండి. 'నాకు కొంచెం టెన్షన్‌గా ఉందండీ' అని పైకి అనేస్తే, దాన్ని దాచిపెట్టే శ్రమ తగ్గిపోతుంది.

మాత్ర మాత్రం వద్దు. ఇంకొకరికి రాసిన గుండె దడ మందు మీరు వేసుకోకూడదు. ఆ రకం మందుల్లో కొన్ని ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం, బీపీ తక్కువగా ఉండేవాళ్లకూ మంచివి కావు. డాక్టరు చూసి ఇస్తే అది వేరే సంగతి. కోర్సుకు ఇప్పుడే 18 వేలు పోయకండి. ఎప్పుడైనా చేరాలనుకుంటే, రోజూ మీ చేత మాట్లాడిస్తారా, ఒకాయన మైకు పట్టుకుని చెబుతుంటే మీరు రాసుకోవాలా అన్నది కనుక్కుని చేరండి.

మీవారితో ఒకసారి నెమ్మదిగా కూర్చుని చెప్పండి. ఆయన మిమ్మల్ని కాపాడుతున్నాననుకుంటున్నారు. కానీ 'మా ఆవిడ మాట్లాడదండీ' అన్న ప్రతిసారీ మీ వంతు ఆయన తీసేసుకుంటున్నారు. 'నన్ను అడిగితే పది అంకెలు లెక్కపెట్టే దాకా మీరు ఆగండి' అని చెబితే చాలు. పాప విషయంలోనూ ఇంతే. 'మా పాపకు సిగ్గండీ' అని దాని ఎదుట ఎవరితోనూ అనకండి. పిల్లలు మనం పెట్టిన పేరునే నిజం చేసుకుంటారు. గేటు దగ్గర మీరు పక్కావిడతో మాట్లాడటం అది వ్యాన్ దిగుతూ చూస్తే, దానికి అంతకంటే నేర్పాల్సింది లేదు.

ఒక విషయం మాత్రం తేలిగ్గా తీసుకోలేను. ఈ భయం వల్ల మీరు ఉద్యోగం వదులుకున్నారు. చదువునీ ఉద్యోగాన్నీ నెలల తరబడి అడ్డుకునే స్థాయికి చేరితే, దీన్ని వైద్యులు సోషల్ యాంగ్జయిటీ అంటారు. ఆలోచననూ అలవాటునూ మార్చే చికిత్స ఉంది, చాలామందికి బాగా నయమవుతుంది. రెండు మూడు నెలలు గట్టిగా ప్రయత్నించాక కూడా ఇలాగే ఉంటే సైకాలజిస్టునో మానసిక వైద్యుణ్నో కలవండి. నిద్ర ఇంకా పాడైతే అన్నాళ్లు కూడా ఆగొద్దు. ముందు ఫోన్‌లో మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. రాత్రయినా పగలైనా ఉచితంగా తెలుగులో మాట్లాడతారు.

డెమో క్లాసు పిలుపు మళ్లీ వస్తుంది, దాని గురించి అప్పుడు ఆలోచిద్దాం. ఇవాళ సాయంత్రం వ్యాన్ వచ్చేలోపు గేటు దగ్గరున్న వాళ్లలో ఒకరిని 'తాటిపూడికి మీరేం వండి తెస్తున్నారండీ' అని అడగండి. వాళ్లు 'మరి మీరో?' అంటారు. ఆ జవాబు మీ ఊరి మాటలోనే చెప్పండి.