స్పిన్ బైక్ తొక్కుతుంటే మోకాళ్ల నొప్పులు.. ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. బ్యాంకులో పనిచేస్తాను. షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. బరువు తగ్గుదామని రెండు నెలల క్రితం ఇంట్లోకి స్పిన్ బైక్ (కదలకుండా ఒకేచోట ఉంచి తొక్కే వ్యాయామ సైకిల్) కొన్నాం. గట్టిగా ఉంటేనే కొవ్వు కరుగుతుందని, పెడల్ బిగువును పెంచే, తగ్గించే నాబ్‌ను బాగా బిగించి అరగంట నెమ్మదిగా తొక్కుతున్నాను. కొద్ది రోజులుగా మోకాలి చిప్పల చుట్టూ నొప్పి. మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ. మా వారేమో నాబ్ పూర్తిగా వదిలేసి, 120 ఆర్‌పీఎం చూపిస్తోందని సంబరపడుతుంటారు. నన్నూ అలాగే తొక్కమంటున్నారు. ఏది సరైన పద్ధతి? జిమ్‌లో స్పిన్ క్లాసులో చేరవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సలహా: మీరు ఒక కొసన ఉంటే, మీవారు రెండో కొసన ఉన్నారమ్మా. మీకు నొప్పి వచ్చింది కాబట్టి ముందు మీ సంగతి చూద్దాం.

పెడల్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో చెప్పే లెక్కే ఆర్‌పీఎం. సైక్లింగ్ చేసేవాళ్లు దీన్నే క్యాడెన్స్ అంటారు. మీరు చేసే పని రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: ఒక్కో చుట్టుకు ఎంత బలంగా తొక్కుతున్నారు, నిమిషానికి ఎన్ని చుట్లు తిప్పుతున్నారు. ఒకటి తగ్గిస్తే రెండోది పెంచాలి. పాతిక కిలోల బియ్యాన్ని బస్తాతో సహా ఒక్కసారే ఎత్తినా, ఐదేసి కిలోల చొప్పున ఐదుసార్లు మోసినా ఇంట్లోకి చేరే బియ్యం అంతే. నడుముకు మాత్రం తేడా తెలుస్తుంది.

లెక్క వేసి చెబుతాను. 100 వాట్ల పని అనుకుందాం. 17 సెంటీమీటర్ల క్రాంక్ (పెడల్‌ను మధ్య ఇరుసుకు కలిపే కడ్డీ) ఉన్న బైక్ మీద 50 ఆర్‌పీఎంతో తొక్కితే పెడల్ మీద సగటున 11 కిలోలకు పైగా బలం పెట్టాలి. అదే 80 ఆర్‌పీఎంతో అయితే 7 కిలోలు చాలు. పైగా ఇది సగటు మాత్రమే. పెడల్ ముందు వైపు నుంచి కిందికి దిగేటప్పుడు కాలు పెట్టే బలం ఇంతకంటే చాలా ఎక్కువ. ఆ సమయంలో మోకాలు వంగి ఉంటుంది, తొడ కండరం చిప్పను ఎముక మీదకు అదిమిపెడుతుంది. నాబ్ ఎంత బిగిస్తే ఆ ఒత్తిడి అంత పెరుగుతుంది. మెట్లు దిగేటప్పుడు కూడా భారమంతా ఆ చిప్ప మీదే పడుతుంది కాబట్టి, మీరు చెప్పిన లక్షణాలు దీనికి సరిగ్గా సరిపోతున్నాయి.

‘చుట్లు పెరిగితే అరుగుదల ఎక్కువవదా?’ అని చాలామంది అడుగుతారు. తక్కువ బరువుతో ఎక్కువసార్లు కదలడం మోకాలికి పెద్ద ఇబ్బంది కాదు. కీళ్ల అరుగుదల ఉన్నవారికి కూడా మేం సైకిల్ తొక్కమని చెప్పేది అందుకే. ఎక్కువ బరువుతో పదే పదే అదమడమే ఇబ్బంది. గట్టిగా తొక్కితే కాళ్లు ముందే అలసిపోతాయి, గుండెకూ ఊపిరితిత్తులకూ సరిపడా వ్యాయామం అందకముందే దిగిపోతారు. బరువు తగ్గాలనుకునేవారికి ఎక్కువసేపు తొక్కగలగడమే ముఖ్యం.

అలాగని మీవారి పద్ధతి పాటించకండి. స్పిన్ బైక్‌లో ముందున్న బరువైన చక్రం ఒకసారి వేగం అందుకుంటే తనంతట తానే తిరుగుతూ కాళ్లను లాక్కెళుతుంది. నాబ్ వదిలేస్తే మనం తొక్కుతున్నామా, అది మనల్ని తిప్పుతోందా అన్నట్టు ఉంటుంది. స్క్రీన్ మీద అంకె బాగానే కనిపిస్తుంది కానీ చేసిన పని తక్కువ. సీటు మీద ఎగిరెగిరి పడుతుంటే రెసిస్టెన్స్, అంటే పెడల్ బిగువు, చాలడం లేదని అర్థం. చాలా స్పిన్ బైక్‌లలో కాళ్లు ఆపినా పెడల్స్ ఆగవు. పాదం జారిందంటే పెడల్ వచ్చి కాలి ముందు ఎముకకు తగులుతుంది. ఆపాలంటే నాబ్‌ను కిందికి నొక్కితే బ్రేక్ పడుతుందేమో ఇద్దరూ ఒకసారి చూసుకోండి. పోటీల్లో పాల్గొనే సైక్లిస్టులు 90, 100 తిప్పుతారు కదా అంటే, వారికి అది ఏళ్ల సాధన. అలవాటు లేనివారు అంత వేగంగా తిప్పితే కాళ్లను కదిలించడానికే ఆక్సిజన్ ఖర్చయి, ఊరికే ఆయాసం వస్తుంది.

మీకు 70 నుంచి 85 మధ్య సరిపోతుంది. ఒక్కసారే అక్కడికి వెళ్లకుండా, ఇప్పుడున్న వేగం మీద వారానికి ఐదు చొప్పున పెంచండి. మొదటి ఐదు నిమిషాలు తేలిగ్గా, 60 దగ్గర తొక్కండి. మీటర్ మీద నమ్మకం లేకపోతే కుడి మోకాలు పైకి లేచిన ప్రతిసారీ లెక్కపెట్టండి. 15 సెకన్లలో 19, 20 సార్లు లేస్తే మీరు 80 దగ్గర ఉన్నట్టే. నాబ్ ఎంత ఉండాలంటే, ఆ వేగంలో పక్కవారితో మాటలాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

సీటు ఎత్తు చూశారా? కాళ్లు నేలకు అందాలని చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, సీటు బాగా కిందికి పెట్టుకుంటారు. అప్పుడు మోకాలు మరీ ముడుచుకుని, చిప్ప మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. సీటు మీద కూర్చుని, బాగా కిందున్న పెడల్ మీద మడమ పెడితే కాలు దాదాపు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కాస్త వంగుతుంది, అంత వంపు చాలు. మీ ఇంట్లో బైక్ ఇద్దరిది కదా, మీవారు దిగాక సీటు ఆయన ఎత్తులోనే ఉండిపోతుంది. సీటు కడ్డీ మీద మీ ఎత్తుకు సరిపోయే రంధ్రం దగ్గర స్కెచ్ పెన్‌తో గీత పెట్టుకోండి.

స్పిన్ క్లాసులో ఇప్పుడే చేరకండి. నొప్పి తగ్గి, ఇంట్లో అరగంట హాయిగా తొక్కగలిగాక చూద్దాం. అలవాటు లేనివారు మొదటి క్లాసులోనే పాటల హోరులో శక్తికి మించి తొక్కి, తొడ కండరాలు దెబ్బతిని, ఆస్పత్రిలో చేరిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అలా జరిగితే ఒకట్రెండు రోజుల్లో తొడలు వాచి, మూత్రం కోలా రంగులోకి మారుతుంది. కిడ్నీలకు ప్రమాదం కాబట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

నాబ్, సీటు సరిచేసుకున్నాక రెండు మూడు వారాల్లో నొప్పి తగ్గుముఖం పట్టాలి. తగ్గకపోయినా, మోకాలు వాచినా, పట్టేసినట్టు అనిపించినా, నడుస్తుంటే జారిపోతున్నట్టున్నా ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి.

ఇక మీ మాత్ర గురించి. అందులోని గ్లిమెపిరైడ్ వల్ల వ్యాయామం చేసేటప్పుడు షుగర్ పడిపోయే అవకాశం ఉంది. మాత్ర వేసుకుని ఏమీ తినకుండా బైక్ ఎక్కకండి. షుగర్ పడిపోతే చెమట పడుతుంది, కానీ బైక్ మీద ఎలాగూ చెమట పడుతుంది కాబట్టి తెలియకపోవచ్చు. చేతులు వణకడం, కళ్లు తిరగడం, గుండె దడ ఉంటే దిగిపోయి మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకొని తాగండి. పావుగంట తర్వాత గ్లూకోమీటర్‌తో చూసుకోండి. ఇలా రెండోసారి జరిగితే మాత్ర డోసు మార్చాల్సి రావచ్చు. మీ షుగర్ డాక్టర్‌కు సైకిల్ మొదలుపెట్టిన సంగతి చెప్పండి.