మీటింగుకు ముందు ఆస్పత్రి, మీటింగు తర్వాత టీ

ప్రశ్న: మావారికి 44 ఏళ్లు. లారీల షెడ్డులో మెకానిక్. సాయంత్రం అయితే రెండు క్వార్టర్లు పడాల్సిందే. నిరుడు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ముట్టలేదు. మూడో రోజు మాత్రం చేతులు వణికి, గోడ మీద ఏవో పాకుతున్నాయన్నారు. ఆర్‌ఎంపీ గారు సెలైన్ పెట్టారు. మాల తీసిన రాత్రే మళ్లీ మొదలు. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అని, తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకునే మీటింగులకు వెళ్తే మానతారని ఎవరో చెప్పారు. చర్చిలో జరుగుతాయట, మతం మారుస్తారేమోనని మా అత్తగారి భయం. నలుగురికీ తెలిసిపోతుందని ఆయన వెనకాడుతున్నారు. ఆయనకు తెలియకుండా అన్నంలో తాగుడు మాన్పించే పొడి కలపమంటోంది తోటికోడలు. ఏం చేయను?

జవాబు: పొడి మాట ముందు తేల్చేద్దామమ్మా. వద్దు. అలా రహస్యంగా కలిపేవాటిలో తరచూ ఉండేది డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు లివరు పరీక్ష చేయించి, చివరిగా తాగి కనీసం 12 గంటలు దాటాక, రోగికి చెప్పి ఇచ్చే మందు అది.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ మూడో రోజు. రోజుకు 360 మిల్లీలీటర్లు అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపితే ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, మాట తడబడటం. పోయినసారి గట్టెక్కారు కదా అనుకోకండి. ఇలా ఆపిన ప్రతిసారీ తర్వాతిది మరింత తీవ్రంగా వచ్చే అవకాశం ఉంది. కాబట్టి ఇంట్లో ఒట్టు పెట్టించి ఆపించొద్దు. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లి, మాలలో జరిగింది ఉన్నదున్నట్టు చెప్పండి. కొన్ని రోజులపాటు మందులిచ్చి, ఆ మందుల మోతాదు తగ్గిస్తూ ఆపుతారు. గ్లూకోజ్ ఎక్కించే ముందు బి1 విటమిన్, అంటే థయమిన్, ఇచ్చారా అని అడగండి. అది లేకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగలొచ్చు. ఎటు వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు.

మీటింగు ఆ తర్వాత మాట. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో పుట్టింది, మన దేశంలో 1957 నుంచి ఉంది. చేరడానికి ఒకటే అర్హత: తాగుడు మానాలన్న కోరిక. ఫీజు లేదు, ఆధార్ అడగరు, ఇంటిపేరు అక్కర్లేదు. చర్చి హాలో, స్కూలు గదో, ఏది తక్కువ అద్దెకు దొరికితే అక్కడ పెట్టుకుంటారు. ప్రార్థన ఒకటి చదువుతారు, నిజమే. దేవుడంటే ఎవరి అర్థం వారిదే. అయ్యప్పనే తలచుకోమనండి, ఎవరూ కాదనరు.

ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో వెతకండి. అందులో ఉన్న వేళను నమ్మి బయల్దేరొద్దు. గ్రూపులు చోటు మారుతుంటాయి. ఫోన్ చేసి మూడు అడగండి: తెలుగులో జరుగుతుందా, ఏ గేటులోంచి రావాలి, ఓపెన్ మీటింగా క్లోజ్‌డా. ఓపెన్ అయితే మీరూ పక్కన కూర్చోవచ్చు. క్లోజ్‌డ్ అయితే ఆయన ఒక్కరే. ‘మా ఆయన కొత్త, గేటు దగ్గర ఎవరైనా నిలబడతారా’ అని కూడా అడగండి. సాధారణంగా ఒకరు వస్తారు. ఊళ్లో తెలిసినవాళ్లు కనబడతారన్న బెరుకుంటే మొదట పక్క ఊరి గ్రూపుకు వెళ్లమనండి. షెడ్డు నుంచి వెళ్లలేని రోజుకు ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి.

లోపల గంట, గంటన్నర పడుతుంది. ఒక్కొక్కరు పేరు చెప్పి, తన తాగుడు గురించి కాసేపు మాట్లాడతారు. మధ్యలో ఎవరూ సలహా ఇవ్వరు. మాట్లాడాలని లేకపోతే ‘ఈ రోజు వింటాను’ అంటే చాలు. చివర్లో ఒక సంచి తిరుగుతుంది, కొత్తవాళ్లు అందులో ఏమీ వేయనక్కర్లేదు.

చాలామంది జారిపోయేది ఇక్కడే: పది నిమిషాలు ఆలస్యంగా వెళ్లి వెనక బల్ల మీద కూర్చుని, అవగానే చెప్పులు వేసుకుని బయటపడతారు. అసలు పని అప్పుడు టీ గ్లాసుల దగ్గర జరుగుతుంది. అక్కడ నాలుగు ఫోన్ నంబర్లు రాసుకుని రావాలి, ఒకటైనా మర్నాడే మోగించాలి. జీతం రోజు సాయంత్రం, వైన్ షాపు ముందు కాలు ఆగినప్పుడు పనికొచ్చేది ఆ నంబరే. మొదటి గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడమనండి. ఆరు మీటింగులైనా వెళ్లకుండా ‘నాకు పడదు’ అంటే ఒప్పుకోకండి. 90 రోజుల్లో 90 మీటింగులన్నది పాత సలహా. షెడ్డు పనితో అది కుదరకపోతే వారానికి మూడైనా పెట్టుకోవాలి, అవీ ఆయన తాగే వేళకే పడేలా.

మధ్యలో ఒకరోజు తాగితే? మర్నాడు మళ్లీ మీటింగుకే. పోట్లాట ఆ రాత్రి పెట్టుకోవద్దు, మత్తులో ఉన్న మనిషికి చెప్పింది ఎక్కదు. వరసగా కొన్ని రోజులు తాగితే మాత్రం ముందు ఆస్పత్రి.

ఇక మీరు. ఆయన వెళ్లినా వెళ్లకపోయినా, తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ గ్రూపుకు మీరు వెళ్లండి. షెడ్డు ఓనరుకు ‘జ్వరం’ అని ఫోన్ చేయడం, బెల్టు షాపు బాకీ తీర్చడం మీరే చేస్తుంటే, అవి ఎలా మానాలో అక్కడ తోటి ఆడవాళ్లు చెబుతారు. మీటింగు వేళ కనుక్కోవడానికి ఈ వారంలోనే ఫోన్ చేయండి, ఆయన ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు.