బ్యాటరీని విడిగా జేబులో వేసుకోకు

చిన్నా,

సిగరెట్ మానేసి వేప్, అదే బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్, పట్టుకున్నావని మీ అక్క చెప్పింది. మంచిదా చెడ్డదా అన్న గొడవ ఇప్పుడొద్దు, ఎప్పటికైనా అదీ మానేస్తే సంతోషిస్తాను. నువ్వు కొన్నది బ్యాటరీలు విడిగా ఊడొచ్చే రకం అని విన్నాక మాత్రం ఊరుకోలేకపోయాను. లెస్టర్‌లో వేప్ షాపు కౌంటర్ వెనక ఏళ్ల తరబడి నిలబడ్డవాణ్ణి కదా. యూకేలో 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే వేప్‌ల అమ్మకం నిషేధించాక, కొందరు కుర్రాళ్లు నేరుగా ఈ పెద్ద మెషిన్లకే వచ్చేస్తున్నారు. ఫ్లేవర్ల గురించి గంటసేపు అడుగుతారు, బ్యాటరీ గురించి ఒక్క ముక్క అడగరు.

చార్జింగ్‌లో ఉన్నప్పుడే పేలుతుందని అందరికీ భయం. నా భయం జేబు గురించి. నీ వేప్ బ్యాటరీ సెల్ ఒకటి చేతిలోకి తీసుకో. దాని సైజు పేరు 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. చివరి సున్నా అది గుండ్రంగా ఉంటుందనడానికి గుర్తు. పైన కనిపించే చిన్న బిళ్ల ప్లస్. మైనస్ అడుగునే ఉంటుందనుకుంటాం గానీ, ఆ లోహపు డబ్బా మొత్తం మైనస్సే, పైన ప్లస్ బిళ్ల చుట్టూ ఉన్న అంచుతో సహా. ఆ రెంటినీ వేరు చేస్తూ నీకు పైకి కనిపించేది ఒక సన్నటి రింగు, దాని మీదుగా వచ్చిన పల్చటి ప్లాస్టిక్ తొడుగు, అంతే. అక్కడ గోరంత చిరిగి, జేబులో తాళంచెవో పౌండు బిళ్లో ఆ రెంటినీ కలిపిందా, సెల్‌లోని కరెంటంతా ఒక్కసారిగా దాన్లోంచి పారుతుంది. ప్యాంటు అంటుకుంటుంది, నువ్వు విప్పేలోపు తొడ కాలుతుంది. తొడుగు బాగున్నా సరే, తాళాల గుత్తి రెండు కొసలనూ కలిపేయగలదు. అందుకే మెషిన్లో లేని ప్రతి సెల్లూ ప్లాస్టిక్ డబ్బాలోనే ఉండాలి. ఆ డబ్బా చాలా చవక, కొన్ని షాపుల్లో అడిగితే ఊరికే ఇస్తారు.

తొడుగు చిరిగితే సెలోటేపు అంటించకు. కొత్త తొడుగులు దొరుకుతాయి, ఎక్కించి హెయిర్ డ్రయర్ గాలి కాస్త తగిలిస్తే బిగుసుకుంటాయి. పైన ఆ రింగు పెట్టడం మర్చిపోకు. చేతకాకపోతే షాపువాడికివ్వు. సొట్ట పడ్డ సెల్ మాత్రం ఇక వాడకు.

ఆన్‌లైన్‌లో 9900 ఎంఏహెచ్ (సెల్ ఎంత చార్జ్ పట్టుకుంటుందో చెప్పే లెక్క) అని రాసి అమ్ముతుంటారు. పచ్చి అబద్ధం. మంచి కంపెనీల 18650లు మామూలుగా 2500 నుంచి 3500 మధ్యే ఉంటాయి. అసలు నువ్వు చూడాల్సింది ఆంప్స్, అంటే సెల్ ఒకేసారి ఎంత కరెంటు ఇవ్వగలదో. సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు. కరెంటును అదుపు చేసే సర్క్యూట్ లేని మెకానికల్ మాడ్ అనే రకం మెషిన్లో 0.2 ఓమ్ కాయిల్ (వేడెక్కే తీగచుట్ట) పెట్టావనుకో, 21 ఆంప్స్ లాగుతుంది. 20 ఆంప్స్ సెల్‌కి అది ఎక్కువ. ఎవరు ఎంత గొప్పగా చెప్పినా కొత్తలో మెకానికల్ జోలికి పోకు. రెండు సెల్స్ మెషిన్ అయితే ఒకేసారి కొన్న ఒకే రకం జంట వాడు. ఆ రెంటినీ కలిపే చార్జ్ చెయ్యి, విడదీసి వేరే వాటితో కలపకు.

చార్జింగ్‌కి విడి చార్జర్ కొనుక్కో. 1 ఆంప్ దగ్గర పెడితే నిదానంగా ఎక్కుతుంది, తొందరేముంది? మంచం మీదా, సోఫా మీదా వద్దు. నువ్వు నిద్రపోతున్నప్పుడు అసలే వద్దు. నలుగురు కలిసుండే ఇల్లు కదా మీది, బయటికెళ్లే దారిలో కూడా పెట్టకు. చలికాలం రాత్రంతా కారులో వదిలేసిన సెల్‌ని తెచ్చీ తేగానే చార్జింగ్ పెట్టకు. సున్నా డిగ్రీల కంటే కింద చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని, తర్వాతెప్పుడో షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. గది వేడికి వచ్చేదాకా ఆగు.

సెల్ బుసకొట్టినా, పొగ వచ్చినా చేత్తో పట్టుకుని బయటికి విసిరే సాహసం చెయ్యకు. ఆ పొగ విషం. అందర్నీ లేపి, తలుపు మూసి బయటికొచ్చి 999కి ఫోన్ చెయ్యి. పోయేది పెట్టె బేడానే.

పాతబడ్డ సెల్స్‌ని కొసలకు టేపు వేసి, రీసైక్లింగ్‌కి తీసుకునే షాపులో ఇచ్చెయ్. చెత్తబుట్టలో వేస్తే చెత్త లారీలో నలిగి అంటుకుంటాయి.

సంక్రాంతికి ఇంటికొస్తావట. వేప్ తేకు. విమానంలో సెల్స్ చేతి సంచిలోనే పెట్టాలన్న రూలుందిగానీ, నీకు దానితో పనే లేదు. 2019 చట్టం ప్రకారం మన దేశంలోకి ఈ-సిగరెట్లు తీసుకురావడమే నేరం, మొదటిసారికే ఏడాది దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో. శంషాబాద్‌లో దిగి కస్టమ్స్ వాళ్ల ముందు నిలబడే టెన్షన్ మీ నాన్నకెందుకు? సెల్స్‌ని సగం చార్జ్‌లో ఉంచి, డబ్బాలో పెట్టి, హీటర్‌కి దూరంగా అక్కడే వదిలి రా. చార్జర్ కొనేముందు నాకొక ఫొటో పెట్టు.

మీ బాబాయి