సావో పాలోలో పంద్రాగస్టు: జెండా ఆర్డర్‌లో ‘2 పానో’ అంటే?

సందేహం: సావో పాలోకి కొత్తగా వచ్చాం. పంద్రాగస్టుకి మన జెండా, బ్రెజిల్ జెండా తెప్పించే పని నాకు అప్పగించారు. షాపు కొటేషన్‌లో ‘2 పానో, దుప్లా ఫాసి, త్రాల్యా, ఇల్యోస్’ అని ఉంది. ఫోన్‌లో అనువాదం చూస్తే రెండు గుడ్డలు అంటోంది. ఆర్డర్ ఇచ్చేయనా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పిక్స్ (ఇక్కడ ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి) కొట్టడం ఆపు. ఆ ‘రెండు గుడ్డలు’ నమ్మే నేను డబ్బు పోగొట్టుకున్నాను. రెండు జెండాలు వస్తాయనుకుని, రేటు బాగానే ఉందని సంబరపడి, మొత్తం ముందే కట్టేశాను. వచ్చింది ఒక్కటే. షాపువాళ్ల తప్పేమీ లేదు, వాళ్లు రాసింది వాళ్లు పంపారు.

జెండాల దగ్గర పానో అంటే కొలత. 1971 నాటి బ్రెజిల్ 5,700 నంబరు చట్టం ప్రకారం ఒక పానో 45 సెంటీమీటర్లు, అది జెండా ఎత్తు. రెండు పానోలంటే 90, మూడంటే 135, అలా ఏడు పానోల దాకా 315. ఎత్తు 14 పాళ్లయితే పొడవు 20 పాళ్లు, కాబట్టి 2 పానోల జెండా సుమారు 90కి 128 వస్తుంది. షాపుల్లో ఒకటిన్నర, రెండున్నర పానోలవి కూడా దొరుకుతాయి.

నాకు అసలు దెబ్బ తగిలింది దీని తర్వాత. మన జెండా ఇండియా నుంచి తెచ్చిందే ఉంది కదా, ఖర్చు కలిసొచ్చిందనుకున్నాను. అది 90 పొడవు, 60 ఎత్తుది. ఇక్కడ వేరే దేశం జెండా ఎగరేస్తే పక్కన కుడివైపు బ్రెజిల్ జెండా అదే సైజులో ఉండాలి. ఎంబసీలకీ కాన్సులేట్లకీ మాత్రమే మినహాయింపు. చట్టంలో ఉంది, చదువుకో. పక్కపక్కన పెట్టి చూస్తే మన జెండా చిన్నపిల్లలా ఉంది. నాకు ప్రాణం ఉసూరుమంది. అప్పటికప్పుడు ఇక్కడే ‘2 పానో’ అని మన జెండా కుట్టిస్తే, వాళ్లకి అలవాటైన 128 పొడవుతోనే కుట్టారు. మనది 3:2, అంటే 90 ఎత్తుకి 135 ఉండాలి. మళ్లీ డబ్బు!

అందుకే చెబుతున్నాను, మన జెండా ఇండియా నుంచే తెప్పించు. ఫ్లాగ్ కోడ్‌లో 1350కి 900 మిల్లీమీటర్ల సైజు ఉంది, 2 పానోలకి ఎత్తు సరిగ్గా సరిపోతుంది. పొడవులో తేడా 7 సెంటీమీటర్లే. 2021 డిసెంబర్ సవరణ తర్వాత పాలిస్టర్‌ది, మెషీన్ మీద తయారైంది కూడా పనికొస్తుంది. వచ్చేవాళ్ల సూట్‌కేసులో మడతపెట్టి పంపితే కొరియర్ ఖర్చు కూడా మిగులుతుంది.

దుప్లా ఫాసి అంటే రెండు వైపులా వేరువేరుగా సరిగ్గా కనిపించేలా చేసిన జెండా. దానికి రేటు ఎక్కువ చెబుతారు, అక్కడ మాత్రం పిసినారితనం చేయకు. బ్రెజిల్ జెండా మధ్యలో తెల్ల పట్టీ మీద అక్షరాలున్నాయి. ఒకవైపే ముద్రిస్తే వెనక నుంచి తిరగబడి కనిపిస్తాయి, చట్టం దాన్ని ఒప్పుకోదు. మన అశోకచక్రానికి ఆ ఇబ్బంది లేదు, 24 ఆకులూ ఎటు నుంచి చూసినా ఒకటే.

మిగతావి తేలికే. ఎస్తాంపాదా అంటే ప్రింటు వేసింది, కొస్తురాదా అంటే ముక్కలు కలిపి కుట్టింది, బోర్దాదా అంటే ఎంబ్రాయిడరీ. త్రాల్యా స్తంభం వైపు ఉండే గట్టి అంచు, ఇల్యోస్ ఆ అంచుకి వేసే లోహపు కన్నాలు. మన జెండాలు చాలావాటికి ఆ కన్నాలుండవు, అంచులోంచి తాడు పోతుంది. మీరు అద్దెకు తీసుకునే స్తంభానికి కొక్కేలు ఉన్నాయా, తాడు కట్టాలా అని ముందే అడుగు. లేకపోతే ఆ ఉదయం దర్జీ కోసం పరిగెత్తాలి, అర్జంటు పనికి ఎంత అడిగితే అంత ఇచ్చుకోవాలి.

షాపుకి వాట్సాప్‌లో పానోలతో పాటు ఎత్తు, పొడవు సెంటీమీటర్లలో రాసి పంపు. ఎన్ని జెండాలో విడిగా రాయి. వాళ్లు అదే కొలత తిరిగి రాశాక సగం డబ్బే పంపు, మిగతా సగం జెండా చేతిలో పెట్టుకుని టేపుతో కొలిచాక.