టెక్ సందేహాలు: స్టార్ట్ చేసి చూపిస్తామంటే వద్దనండి

ప్రశ్న: 1986 మోడల్ పోర్షే 944 ఒకటి అమ్మకానికి వచ్చింది. పదేళ్లుగా షెడ్డులోంచి కదల్లేదు. ధర బాగా తక్కువ. బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) కొని ఫోన్‌కి కలిపితే ఇంజిన్ సంగతి తెలుస్తుందా? కొత్త బ్యాటరీ పెట్టి మా ముందే స్టార్ట్ చేసి చూపిస్తామని కూడా అంటున్నారు.

జవాబు: డాంగిల్ కొనకండి, దాన్ని గుచ్చడానికి ఆ కారులో చోటే ఉండదు. 16 పిన్నుల ఓబీడీ-2 పోర్టు అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది. 944 తయారీ 1991లోనే ఆగిపోయింది. ఇందులో ఇంజెక్షన్‌నీ ఇగ్నిషన్‌నీ కలిపి నడిపే బాష్ మోట్రానిక్ కంప్యూటర్ ఉన్నా, మీ ఫోన్ యాప్‌కి అది ఏమీ చెప్పదు.

స్టార్ట్ చేస్తామన్న మాటకు మాత్రం అస్సలు ఒప్పుకోకండి. ఈ ఇంజిన్‌లో టైమింగ్ బెల్ట్ (పిస్టన్ల కదలికకి తగ్గట్టు వాల్వుల్ని తెరిచి మూయించే రబ్బరు పట్టీ) తెగితే వాల్వులు నేరుగా పిస్టన్ల మీదకొచ్చి తగులుతాయి, వంగిపోతాయి. హెడ్ దింపక తప్పదు. బెల్ట్ ఆయుష్షుని కిలోమీటర్లతోనే కాదు, ఏళ్లతోనూ లెక్కపెట్టాలి. నాలుగేళ్లకోసారి మార్చడం మంచి పద్ధతి. పదేళ్లు ఒకే వంపులో బిగిసిపోయిన రబ్బరు మీద ఒక్కసారిగా సెల్ఫ్ కొడితే ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా పక్కనే, ఇంజిన్ అదురు తగ్గించే బ్యాలెన్స్ షాఫ్టులకు ఇంకో బెల్ట్ ఉంది. అది తెగి ముక్కలు టైమింగ్ బెల్ట్ కింద చిక్కుకున్నా ఫలితం అదే. సెల్ఫ్ కొట్టేదాకా బాగానే ఉన్న ఇంజిన్ ఆ క్షణంలో పాడవుతుంది.

దానికి బదులు నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పించండి. ముందు లోపలికి కెమెరా పెట్టి చూడండి (దాని గురించి కింద చెబుతాను). ఆ తర్వాత ఒక్కో సిలిండర్‌లో 5 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ వేసి ఒక రోజు వదిలేయండి. మర్నాడు గేరు న్యూట్రల్‌లో ఉంచి, క్రాంక్ పుల్లీ బోల్టుకి సాకెట్ తగిలించి, కారు ముందు నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. వెనక్కి తిప్పితే బెల్ట్ పన్ను జారొచ్చు, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలం పెట్టకండి. ఇంజిన్ సీజ్ అయి ఉండొచ్చు, వాల్వు ఇరుక్కుని ఉండొచ్చు.

ప్రశ్న: కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే సరిపోదా?

జవాబు: సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలిచే కంప్రెషన్ టెస్ట్‌కి సెల్ఫ్ కొట్టాలి, అంటే పాత బెల్ట్ మీద మళ్లీ అదే భారం. అందుకే కొనేముందు లీక్‌డౌన్ టెస్ట్ అడగండి. ఇందులో ఇంజిన్ తిరగదు. పిస్టన్‌ని కంప్రెషన్ స్ట్రోక్ పైకొసకి తెచ్చి, ప్లగ్గు రంధ్రంలోంచి 100 పీఎస్ఐ గాలి పంపి, ఎంత శాతం కారిపోతోందో రెండో మీటర్‌లో చూస్తారు. గాలి పిస్టన్‌ని కిందికి తోసేస్తుంది కాబట్టి టాప్ గేరులో వేసి హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచాలి.

10 శాతం లోపు వస్తే సంతోషం. 20 దాటితే చెవి పెట్టి వినాల్సిందే. ఆయిల్ పోసే మూత దగ్గర బుస్సుమంటే రింగులు. సైలెన్సర్ గొట్టంలోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి లోపలికి పోయే దారిలో వస్తే ఇన్‌టేక్ వాల్వు. కూలెంట్ డబ్బాలో బుడగలు లేస్తే హెడ్ గాస్కెట్. ఇన్నేళ్లు ఆగిన బండిలో రింగులు ఎండి ఉంటాయి కాబట్టి వాటి దగ్గర కాస్త ఎక్కువ కారినా కంగారు పడకండి. వాల్వుల దగ్గర కారితే మాత్రం ధర తగ్గించి అడగాల్సిందే.

కూలెంట్ డబ్బా మూత తీసినప్పుడు ఇంకొకటి చూడండి. లోపల కాఫీ రంగు చిక్కటి మీగడలాంటిది కనిపిస్తే, ఇంజిన్ ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉంటే, మొదటి అనుమానం ఆయిల్ కూలర్ సీళ్ల మీద పెట్టుకోండి. ఇంజిన్ నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి నీటి ఒత్తిడి కంటే ఎక్కువ, అందుకే ఆయిలే నీళ్లలోకి దూరుతుంది. సీళ్లు చిన్నవే, పని పెద్దది.

ప్రశ్న: ఫోన్‌కి తగిలించే బోరోస్కోప్ (సన్నని తీగ చివర ఉండే కెమెరా) ఎలాంటిది కొనాలి? సిలిండర్‌లో ఏం చూడాలి?

జవాబు: 5.5 మిల్లీమీటర్ల తల, పక్కకి చూసే రెండో కెమెరా ఉన్నది తీసుకోండి. ప్లగ్గు మర 14 మిల్లీమీటర్లు కాబట్టి 8 మిల్లీమీటర్లది కూడా దూరుతుంది గానీ లోపల వంచడానికి చోటు చాలదు. ముందుకి మాత్రమే చూసే కెమెరాకు పిస్టన్ తల తప్ప వాల్వులు కనిపించవు. చవక రకాలకు ఫోకస్ మార్చే వీలుండదు. చాలావాటిలో 3 నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే స్పష్టంగా పడుతుంది, గోడకి ఆనిస్తే అంతా మసకే.

చాలామంది ఇక్కడ పొరబడతారు. ఇనుప సిలిండర్ గోడ మీద అడ్డదిడ్డంగా సన్నని గీతలు ఉండాలి, లేకపోతే బోర్ అరిగిందని అర్థం. 944 బ్లాకు ఇనుము కాదు, సుమారు 17 శాతం సిలికాన్ కలిపిన అల్యూసిల్ అనే అల్యూమినియం. దీని గోడ మసక బూడిద రంగులో నున్నగా ఉండటమే సహజం. కింది నుంచి పైకి నిలువు గీతలు ఉంటేనే ప్రమాదం. గీత లోతుగా ఉంటే మామూలు బోరింగ్ షాపుకి పంపితే కుదరదు. బోర్ చేశాక సిలికాన్ కణాలు పైకి తేలేలా వేరే పద్ధతిలో ఫినిషింగ్ చేయాలి, అది తెలిసినవాళ్లు తక్కువ. నాలుగు పిస్టన్లలో మూడింటి మీద నల్లటి మసి ఉండి, నాలుగోది మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే, అక్కడికి కూలెంట్ కారి ఆవిరై మసిని కడిగేసిందనుకోవాలి. ఇలాంటి ఫోటో చేతిలో ఉంటే బేరం మీ వైపు తిరుగుతుంది.

ప్రశ్న: పెయింట్ మందం కొలిచే మీటర్‌ని నమ్మొచ్చా?

జవాబు: దేని మీద పెడుతున్నారో తెలిస్తే నమ్మొచ్చు. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 80 నుంచి 160 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 200 దాటితే మళ్లీ రంగు కొట్టారు, 500 దాటితే కింద పుట్టీ ఉంది. ప్లాస్టిక్ మీద మీటర్ పనిచేయదు. ఈ కారు బాడీ జింక్ పూసిన ఉక్కు కాబట్టి, లోహాన్ని తనంతట తనే గుర్తించే మీటర్లు కొన్ని తికమకపడి అల్యూమినియం గుర్తు చూపిస్తాయి. ఉక్కు మోడ్‌లో పెట్టి మళ్లీ కొలవండి.

తలుపుల కింది అంచులు, వెనక చక్రాల గూళ్లు ముందు చూడండి. బ్యాటరీ ఇంజిన్ గదిలో ఉండే మోడళ్లలో దాని కింది రేకుని యాసిడ్ తినేస్తుంది. చిల్లు పడితే వాన నీరు క్యాబిన్‌లోకి దిగుతుంది. అటువైపు కాళ్ల దగ్గరి కార్పెట్ ఎత్తి, కింది స్పాంజిని పిండి చూడండి. మీటర్ చెప్పనిది అది చెబుతుంది.

ప్రశ్న: ఛాసిస్ నంబరు వెతికే యాప్ ‘చెల్లని నంబరు’ అంటోంది. దొంగ బండా?

జవాబు: అంతమాత్రాన కాదు. ముందు మూడో అక్షరం చూడండి. పోర్షే నంబరు డబ్ల్యూ, పీ, సున్నాతో మొదలవుతుంది. సున్నా బదులు ఇంగ్లిష్ ‘ఓ’ కొట్టుంటారు. 17 అక్షరాల ఛాసిస్ నంబర్లలో ఐ, ఓ, క్యూ వాడరు. అది సరిగ్గానే ఉంటే సమస్య తొమ్మిదో స్థానంలో. ఉత్తర అమెరికాకి పంపిన కార్లలో అక్కడ తప్పొప్పులు తేల్చే చెక్ డిజిట్ ఉంటుంది. యూరప్ కార్లలో ఆ స్థానంలో ‘జడ్’ అక్షరం ఉంటుంది. అమెరికా లెక్కతో రాసిన యాప్ దాన్ని తప్పంటుంది. పదో అక్షరం ‘జీ’ అయితే 1986 మోడల్, 11వది ‘ఎన్’ అయితే జర్మనీలోని నెకార్‌సుల్మ్ ప్లాంట్. యాప్ ఏమన్నా, బాడీ మీద చెక్కిన నంబరు, కాగితాల మీది నంబరు అక్షరం తేడా లేకుండా కలవాలి. కలవకపోతే అక్కడితో వదిలేయండి.

ప్రశ్న: ఓడోమీటర్ 92,000 చూపిస్తోంది.

జవాబు: లెక్కలోకి తీసుకోకండి. లోపలి చిన్న ప్లాస్టిక్ గేరు పళ్లు పొడి అయిపోవడం ఈ కార్లలో మామూలే. స్పీడు ముల్లు పనిచేస్తూనే అంకె ఏళ్ల తరబడి ఆగిపోతుంది. తేదీలున్న సర్వీసు బిల్లులే ఆధారం.

ప్రశ్న: కంప్యూటర్ పోయింది, అందుకే చవక అంటున్నారు. నిజమేనా?

జవాబు: చాలాసార్లు కంప్యూటర్ కాదు, రిలే. ఇంజిన్ కంప్యూటర్‌కీ ఇంధన పంపుకీ కరెంటు ఇచ్చే స్విచ్చు లాంటి ఈ డీఎంఈ రిలే లోపల సోల్డరింగ్ పగిలితే ఇంధన పంపూ ఇగ్నిషనూ రెండూ చచ్చిపోతాయి. బెల్టులు, ఇంజిన్ మీది ఇంధన గొట్టాలు మార్చి, పాత పెట్రోలు తీసేశాక, రిలే పీకి దాని సాకెట్‌లో 30, 87, 87బి గుర్తులున్న రంధ్రాలను తీగతో కలిపి ప్రయత్నించొచ్చు. బండి అందుకుంటే దోషం రిలేదే. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమైనా కదలకపోతే, రిలే తర్వాత అనుమానించాల్సింది ఫ్లైవీల్ దగ్గరున్న రెండు సెన్సర్లని.

ప్రశ్న: చివరికి కొనాలా వద్దా ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ఎలాగూ తప్పని పనులు ముందు రాసుకోండి: రెండు బెల్టులు, వాటి రోలర్లు, వాటర్ పంపు, ఇంధన గొట్టాలు, బ్రేకుల రబ్బరు భాగాలు, అన్ని ద్రవాలు, టైర్లు. టైరు పక్కన నాలుగంకెల కోడ్ 2314 అని ఉంటే 2014లో 23వ వారంలో తయారైనట్టు. వీటి మొత్తానికి మూడో వంతు అదనంగా కలపండి. క్లచ్ సంగతి తెలియదు కాబట్టి అదీ కలపండి. 944లో గేర్‌బాక్స్ వెనక ఉంటుంది, క్లచ్ ముందు ఉంటుంది. ఆ రెంటినీ కలిపే మధ్యలోని టార్క్ ట్యూబ్‌ని (లోపల ఇరుసు తిరిగే పొడవాటి గొట్టం) వెనక్కి జరిపితే తప్ప దాన్ని అందుకోలేరు, కూలీ అంతా అక్కడే పోతుంది. ఇదంతా వాళ్లడిగే ధరకి కలిపినా, రోడ్డు మీద చక్కగా తిరుగుతున్న అలాంటి కారు ధర కంటే తక్కువకే వస్తే తీసుకోవచ్చు. బాడీ అడుగున తుప్పు గానీ బోర్‌లో లోతైన గీత గానీ ఉంటే ఈ లెక్కే వేయకండి.

ప్లగ్గులు విప్పనివ్వనంటే ఇంజిన్ పాడైందనే అనుకుని, విడిభాగాల విలువకి మించి ఒక్క రూపాయి కూడా చెప్పకండి.