పెరిగిన షేరు అమ్మి, పడిన షేరు కొనవచ్చా?

ప్రశ్న: నా దగ్గరున్న అయిదు కంపెనీల షేర్లలో ఒకటి బాగా పెరిగి, మొత్తం పెట్టుబడిలో 40 శాతానికి చేరింది. దానిని కొంత అమ్మి, ధర సగానికి పడిపోయిన మరొక షేరును కొనడం మంచిదేనా?

జవాబు: కొంత అమ్మడం సబబే. అయితే ధర పడినంత మాత్రాన షేరు చౌక అయిందనుకోవడానికి లేదు. ధర సగానికి తగ్గి, షేరుకు వచ్చే లాభం నాలుగో వంతుకు పడిపోతే, 20 ఉన్న ధర-ఆర్జన నిష్పత్తి (షేరుకు వచ్చే లాభానికి దాని ధర ఎన్ని రెట్లో చెప్పే అంకె) 40 అవుతుంది. అంటే చౌకగా కనిపిస్తున్న ఆ షేరు నిజానికి మునుపటికంటే ప్రియమైనట్టే. పెరిగిన షేరు విషయంలోనూ ఇదే లెక్క: ధరతో పాటు లాభమూ రెట్టింపయి ఉంటే నిష్పత్తి మారదు. అయినా మన అంచనా తప్పే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కనుక, 40 శాతం ఒకేచోట ఉంచడం నాకు సమ్మతం కాదు. అమ్మకంపై పన్ను భారమనిపిస్తే, కొత్తగా పెట్టే సొమ్మును మిగిలిన నాలుగింటికి మళ్ళించండి.