సరిహద్దు తెలుగువాళ్ల మీద పరిశోధనకి ప్రభుత్వ సర్వే డేటా ఒక్కటే సరిపోతుందా?

అడిగినవారు పీహెచ్‌డీ విద్యార్థి. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో తెలుగు కుటుంబాలు ఎలా బతుకుతున్నాయన్నది వారి అంశం. "జాతీయ నమూనా సర్వేల్లో ఇంటింటి వివరాలున్న ఫైళ్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి, జిల్లా స్థాయి లెక్కలూ రాబోతున్నాయంటున్నారు, ఊళ్లు తిరగకుండా వాటితోనే థీసిస్ పూర్తి చేయొచ్చా?" అని అడిగారు.

పూర్తి చేయొచ్చు, డిగ్రీ కూడా వస్తుంది. కానీ ఆ థీసిస్‌లో మేం కనపడం. ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్తాను.

నాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. బోర్డుల మీద పరలాఖెముండి అని ఉంటుంది గానీ మా ఇంట్లో ఎప్పుడూ పర్లాకిమిడే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లిన ఊళ్లలో మాదొకటి. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు. సవర గిరిజనుల దగ్గరికి వెళ్లి, వాళ్ల మాట నేర్చుకుని, ఆ మాటలోనే అడిగి రాసుకున్న మనిషి ఆయన. ఇది ఊరి గొప్ప కోసం చెప్పడం లేదు. ఎవరి గురించి రాయాలన్నా వాళ్ల భాషలో అడగాలన్న పద్ధతిని నూరేళ్ల కిందటే మా ఊళ్లో ఒకరు చేసి చూపించారు, దాన్ని మనం మర్చిపోయాం.

డేటా బయటికి రావడం నిజంగా మంచిదే. ఒకప్పుడు డబ్బు కట్టి సీడీలు తెప్పించుకోవలసి వచ్చేది. చిన్న ఊళ్ల కాలేజీల్లో చదివేవాళ్లకి అది అందేది కాదు. ఇప్పుడు పేరు నమోదు చేసుకుంటే చాలు, ఫైళ్లు దిగుతాయి. 2017-18 గృహ వినియోగ వ్యయ సర్వేని నాణ్యత బాగాలేదని విడుదలే చేయలేదు, దాంతో పదేళ్లకి పైగా పరిశోధకులు పాత లెక్కలతోనే నెట్టుకొచ్చారు. 2022-23 సర్వే 2,61,746 కుటుంబాలతో వచ్చాక ఆ కొరత తీరింది, 2023-24ది కూడా వచ్చేసింది. ఉపాధి, నిరుద్యోగం లెక్కలు తీసే పీఎల్ఎఫ్ఎస్‌లో 2025 జనవరి నుంచి నమూనా ఎంపికకి జిల్లానే ప్రాథమిక విభాగంగా పెట్టుకున్నారు, గ్రామాలూ పట్టణ బ్లాకులూ కలిపి 12,800 నుంచి 22,692కి పెంచారు. గజపతి లాంటి చిన్న జిల్లావాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఇన్నాళ్లూ కొరాపుట్, మల్కనగిరి, రాయగడలతో కలిపి మమ్మల్ని "దక్షిణ ఒడిశా" అనే ఒకే మూటలో కట్టేసేవారు.

అయితే ఆ ఫైళ్లు తెరిచి చూడండి. వినియోగ సర్వేలో మతం ఉంటుంది, సామాజిక వర్గం ఉంటుంది, ఎంత భూమి ఉంది, పొయ్యి దేనితో వెలిగిస్తారు, ఏ రకం రేషన్ కార్డు అన్నీ ఉంటాయి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న గడి లేదు. మరి తెలుగు కుటుంబాల్ని ఎలా ఏరతారు? జిల్లా కోడ్‌ని బట్టి అంటారేమో. మా వీధిలోనే ఒక గోడకి ఇటు తెలుగు, అటు ఒడియా, చివర రెండిళ్లు సవరవాళ్లవి. జిల్లా కోడ్ ఈ ముగ్గుర్నీ విడదీయలేదు.

దీనికన్నా లోతైన ఇబ్బంది ఇంకొకటి ఉంది. అది నాకు ఒక అరుగు మీద తెలిసింది.

కొన్నేళ్ల క్రితం ఇంటి ఖర్చుల సర్వే ఒకదాంట్లో కాంట్రాక్టు మీద పని చేశాను. ఏ సంస్థ తరఫునో చెప్పను, ఊరి పేరు అసలే చెప్పను. వంశధార ఒడ్డున కాశీనగర్ వైపు ఊరనుకోండి చాలు. నాతో పాటు ఒక ఒడియా సహోద్యోగి ఉండేవాడు. మంచివాడు, ఓపికమంతుడు. మెడలో కార్డులు, చేతిలో ట్యాబ్ చూడగానే ఆ ఇంటి పెద్దావిడ ఒడియాలోకి మారిపోయింది. మా జిల్లాలో ఇది అలవాటు. బ్లాకు ఆఫీసు, రేషన్ షాపు, కుల ధ్రువపత్రం అన్నీ ఒడియాలోనే నడుస్తాయి కాబట్టి కార్డు వేసుకున్నవాళ్లు కనపడితే నాలుక దానంతటదే తిరుగుతుంది. ఇంట్లో ఎంతమంది అంటే "ఛొ జొణొ" అంది, ఆరుగురని. ఆ తర్వాత అంతా పొడి పొడి జవాబులే. మాండియా (రాగులు) వాడతారా? లేదు. చేపలు? లేదు. నూనె? ఒక లీటరు. నెలకి పాలు? మూడొందలు. అన్నీ గుండు అంకెలు. ఇరవై నిమిషాల్లో తృణధాన్యాలు, పప్పులు, నూనెలు అన్నీ అయిపోయాయి. ట్యాబ్ ఏ తప్పూ చూపించలేదు, అన్ని గడులూ నిండాయి.

ఇంతలో మేక ఒకటి వచ్చి ఎండబెట్టిన వడ్లలో మూతి పెట్టింది. ఆవిడ తెలుగులో దాన్ని తిట్టుకుంటూ లేచింది. నేను పరుగెత్తి మేకని తోలి, "వడ్లన్నీ తొక్కీసింది అప్పా" అన్నాను. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆవిడ అక్కడే ఆగిపోయి నన్ను చూసింది. "మనోలేనేటి నువ్వు? మరి ఇంతసేపూ సెప్పవేటి తల్లీ!"

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి రెండు గంటల పైనే పట్టింది. మాండియా లేదన్న ఇంట్లో పొద్దున్నే చోడంబలి, అంటే రాగి అంబలి, లేని రోజు లేదు. అప్పుడు లేదన్నావేం అప్పా అంటే, ఆఫీసరుబాబు ముందు అంబలి తాగుతామని ఏం చెప్పుకుంటాం అంది. చేపలు లేవన్న ఇంట్లో దూలానికి ఎండు మెత్తళ్ల మూట వేలాడుతోంది. ఎండువి చేపల కింద వస్తాయని ఆవిడ అనుకోలేదు. బియ్యం కిలోల్లో చెప్పమంటే ఆవిడకి కిలోలు లేవు, మానికలున్నాయి. మానిక ఊరికో తీరు. లోపలి నుంచి ఆవిడ మానిక తెచ్చింది, అంచు నొక్కుకుపోయిన ఇత్తడిది, వాళ్లమ్మ ఇచ్చిందట. దాన్నిండా పోసి, చేత్తో తలగొట్టి, పక్కింటి కిరాణా కొట్టు కాటా మీద తూచి, అప్పుడు కిలోల్లోకి మార్చాం. రేషన్ బియ్యం వేరు, ఇంటి వడ్లు మిల్లు ఆడించినవి వేరు, పాతపట్నం నుంచి పండగలకి తెచ్చే సన్నబియ్యం వేరు. ఈ మూడూ అంతకుముందు ఒకే అంకెగా ఉన్నాయి.

ఇప్పుడు లెక్క చూడండి. దేశంలోని కుటుంబాలన్నిటికీ 2,61,746 ఇళ్లు ప్రతినిధులంటే, సగటున ఒక్కో ఇల్లు వెయ్యికి పైగా ఇళ్ల తరఫున మాట్లాడుతోందని అర్థం. ఒక అరుగు మీద అంబలి మాయమైతే కాగితం మీద వెయ్యి ఇళ్ల అంబలి మాయమవుతుంది. సరిహద్దు జిల్లాల్లో పోషకాహారం మీద రాసే ప్రతి వ్యాసంలోనూ ఈ లోపం ఉందని నా గట్టి నమ్మకం.

ఇక ఆరుగురి సంగతి. తెలుగులో అడిగేసరికి తేలింది, ఆరో మనిషి పెద్దకొడుకు, హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని, ఎనిమిది నెలలుగా అక్కడే. సర్వేల్లో కుటుంబం అంటే మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంటింట్లో తినేవాళ్లు. అందుకని నిబంధన ప్రకారం అతన్ని తీసేయాలి. తీసేస్తే ఏమవుతుంది? ఇంటి ఖర్చు నెలకి 15,000 అనుకుందాం. ఆరుగురైతే తలకి 2,500, అయిదుగురైతే 3,000. ఒక పేరు చెరిపేస్తే ఆ కుటుంబం ఇరవై శాతం మెరుగుపడినట్టు కనపడుతుంది. నిజానికి కొడుకు వలస పోయాడు, అంతే. అతను పడుకునే రేకుల షెడ్డు దగ్గరికి ఏ సర్వేవాళ్లయినా వెళ్లారంటే నేను నమ్మను. నిర్దిష్టమైన నివాసం లేని జనాన్ని ఈ సర్వేలు ఎలాగూ కలపవు. తర్వాతి విడత వెళ్లినప్పుడు ఆవిడ మొదట అడిగిన మాట, "మా పెద్దోడి పేరు ఉంచినావా?" అని. లేదు అప్పా, తీసేయాల్సి వచ్చింది అన్నాను. "ఆడు పంపిన డబ్బులతోనే కదా ఇయన్నీ రాసినావు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

సర్వేలు వద్దు, ప్రభుత్వ శాఖల రికార్డులతో చేస్తాం అనేవాళ్లూ ఉన్నారు. సరిహద్దులో వాటి సంగతి ఇంకా చిక్కు. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకీ, అటు సాలూరుకీ మధ్యనున్న కొఠియా గ్రామాల్నే తీసుకోండి. 21 ఊళ్లు. రెండు రాష్ట్రాలూ మావంటే మావని 1968లోనే సుప్రీంకోర్టుకెక్కాయి, తగువు ఇంకా తేలలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు కూడా పెట్టింది. రెండు వైపులా రేషన్ కార్డులున్న కుటుంబాలు ఆ ఊళ్లలో ఉన్నాయి. ఒడిశా ఫైలు ఒక్కటే తెరిస్తే ఆ ఇల్లు ఒకసారి, రెండూ తెరిస్తే రెండుసార్లు కనపడుతుంది. మహారాష్ట్ర వైపు చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలోనూ తెలంగాణతో ఇలాంటి తగువే ఉంది.

మా దగ్గర దీనికి పూర్తిగా ఎదురు. జబ్బు చేస్తే మావాళ్లు శ్రీకాకుళమో విశాఖో పరుగెడతారు. దగ్గర, పైగా డాక్టరుకి తెలుగులో చెప్పుకోవచ్చు. అక్కడి ఎన్టీఆర్ వైద్య సేవ (ఒకప్పటి ఆరోగ్యశ్రీ) మాకు వర్తించదు, మా రాష్ట్రం కార్డు ప్రతి నర్సింగ్‌హోమ్‌లోనూ చెల్లదు. నగదు కట్టి వైద్యం చేయించుకుని వచ్చేస్తారు. ఆ రోగి ఒడిశా ఆరోగ్య పథకం క్లెయిముల్లో లేడు, ఆంధ్ర క్లెయిముల్లోనూ లేడు. క్లెయిములు తక్కువగా ఉన్నాయి కాబట్టి గజపతి జిల్లాలో వైద్య ఖర్చు తక్కువ అని ఎవరైనా రాస్తే, మా నాన్నగారి ఆపరేషన్‌కి అమ్మేసిన ఎకరం పొలం నాకు గుర్తొస్తుంది.

కేంద్ర విద్యాశాఖ బడుల గురించి ఏటా తీసే యూడైస్ ప్లస్ లెక్కలు కాస్త నయం. అందులో బోధనా మాధ్యమం గడి ఉంది. తెలుగు మీడియం బడుల సంగతి కొంతైనా పట్టుకోవచ్చు. ఆ పని ఎవరూ చేయడం లేదన్నది నా బాధ. హైదరాబాద్‌లో, విజయవాడలో సరిహద్దు తెలుగువాళ్ల గురించి సభలు పెడతారు, 1936 గురించి మాట్లాడతారు, కళ్లు తుడుచుకుంటారు. ఏ బ్లాకులో ఎన్ని తెలుగు బడులు మిగిలాయో ఏటేటా పట్టిక వేసి చూసిన మనిషి నాకు ఇంతవరకూ కనపడలేదు. ఫైళ్లు ఉచితమయ్యాక కూడా ఈ పని జరగకపోవడానికి సాకు ఏముంది? మీరు థీసిస్ అంశం మార్చుకోగలిగితే దీనికి మార్చుకోండి, చేతులెత్తి దండం పెడతాను.

మార్చుకోలేకపోతే డేటా తీసుకోండి, తప్పకుండా తీసుకోండి. కానీ ఒకే రాష్ట్రం ఫైలుతో ఆగకండి. గజపతి పక్కన శ్రీకాకుళాన్ని, రాయగడ పక్కన పార్వతీపురం మన్యాన్ని పెట్టి చూడండి. వినియోగ సర్వేలో ఊరికి పద్దెనిమిది ఇళ్లే, అందులో మావి ఎన్నో మీకు తెలియదు, కాబట్టి జిల్లా సగటుని తెలుగువాళ్ల సగటు అనొద్దు. భాష కోసం జనగణన పట్టికలకి వెళ్లండి. మాతృభాష అడిగి జిల్లాల వారీగా ఇచ్చేది జనగణనే, మనకున్నది 2011ది, తర్వాతిది 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగబోతోంది. ఆ లెక్కలవాళ్లు వచ్చినప్పుడు కూడా మావాళ్లు కార్డు చూసి ఒడియాలోకి మారిపోతే, ఆ గడిలో ఏ భాష పడుతుందో ఆలోచించండి. మా వీధిలో ఇప్పటి నుంచే ఇంటింటికీ చెప్తున్నాను, ఏ భాషలో అడిగినా సరే, అమ్మ భాష ఏదంటే ఉన్నదున్నట్టు చెప్పండని.

ఊళ్లకి రాకుండా కుదరదు. శ్రీకాకుళం జిల్లా నౌపడలో గుణుపురం రైలు ఎక్కితే పర్లాకిమిడి దిగొచ్చు. సంక్రాంతి వారం చూసుకుని రండి. హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి, విశాఖ నుంచి మావాళ్లు ఇళ్లకి చేరేది అప్పుడే. మీ ఫైల్లో అయిదుగురున్న ఆ ఇంటి అరుగు మీద ఆరుగురూ కూర్చుని ఉంటారు. ట్యాబ్ సంచిలోనే ఉంచి, తెలుగులో పలకరించండి.